పళ్ళూడిన గేరు కోసం పసిఫిక్ దాటాలా?

ముందే చెప్పేస్తున్నా, ఇది చదివాక మనలో కొంతమందికి మండుతుంది. మండాలనే రాస్తున్నాను.

మన సాఫ్ట్‌వేర్ జనాభాలో ఓ వర్గం ఉంది. పగలంతా కోడు రాసి, సాయంత్రం కాసేపు చేతులతో ఏదైనా చేద్దామని చిన్న చిన్న యంత్రాలు కొనుక్కునే వర్గం. కొందరు 3డి ప్రింటరుతో ఆగిపోతారు. కొందరు ఇంకో అడుగేసి, బల్ల మీద పట్టేంత మిల్లింగ్ మిషను కొంటారు. నేనూ ఆ బాపతే. మంచి పిచ్చే, తప్పేం లేదు. గొడవంతా ఆ మిషను లోపలి ప్లాస్టిక్ గేరు పన్ను ఊడిన రోజున మొదలవుతుంది. ఆ రోజు మనవాడు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు. ప్లాస్టిక్ గేరు తీసేసి ఇనప గేరు వేస్తాడు. లేదా అమెరికా నుంచి బెల్టు డ్రైవ్ కిట్టు తెప్పిస్తాడు.

మొదటిది తెలివితక్కువ, రెండోది దండగ. ఇదీ నా వాదన. బెల్టు పెట్టాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ బెల్టు మన చుట్టుపక్కల కొట్లో దొరికేది అయ్యుండాలి, ఆ పుల్లీలు మన ఊరి లేతు మీద తీసినవి అయ్యుండాలి. నేను చల్లపల్లిలో కూర్చుని ఈ మాట అంటున్నాను కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే. మీది తణుకైతే తణుకని చదువుకోండి, సిద్దిపేటైతే సిద్దిపేటని చదువుకోండి.

అసలు ఏమిటీ మిషను?

మా వైపు మిల్లు అంటే రైసుమిల్లే. నేను చెప్పేది లోహాన్ని కోసే మిల్లు. లేతులో వస్తువు తిరుగుతుంటే కత్తిని దాని మీదికి జరుపుతాం. మిల్లింగులో కత్తి తిరుగుతుంటుంది, బల్ల మీద బిగించిన వస్తువుని దాని కిందికి జరుపుతాం. గాడి తీయాలన్నా, చదును చెయ్యాలన్నా, పలక మీద ఖచ్చితమైన దూరంలో బెజ్జాలు పెట్టాలన్నా ఇదే పని చేస్తుంది.

ఇళ్ళలో పెట్టుకునేవాటిలో బాగా పేరున్నది షాంఘై వాళ్ళ సీగ్ ఎక్స్2. అదే మిషను రంగు మార్చుకుని, పేరు మార్చుకుని ఒక్కో దేశంలో ఒక్కో అవతారం ఎత్తుతుంది. పాత మోడల్లో 350 వాట్ల డీసీ మోటారు, రెండు గేర్లు. ఒకదాంట్లో నిమిషానికి 1100 చుట్ల దాకా, రెండోదాంట్లో 2500 దాకా. 350 వాట్లంటే అర హార్స్‌పవరు కూడా కాదు. చాలా ఇళ్ళలో మిక్సీ మోటారు ఇంతకన్నా పెద్దది.

మోటారుకీ కత్తి పట్టుకునే స్పిండిల్‌కీ మధ్యలో ఉన్నవి ప్లాస్టిక్ గేర్లు. ఎందుకు విరుగుతాయంటే, మిల్లింగు కత్తికి పళ్ళుంటాయి. అది రంపంలా సాఫీగా లాగదు, ఒక్కో పన్ను వచ్చి ఒక్కో దెబ్బ కొడుతుంది. సుత్తి దెబ్బలే అనుకోండి, నిమిషానికి కొన్ని వేలు. ఏ పన్నో లోతుగా దిగబడి కత్తి ఇరుక్కుందా, కత్తి అక్కడికక్కడ ఆగుతుంది. మోటారు ఆగదు. తిరిగే రోటరు ఊపంతా ఆ క్షణంలో ఎక్కడికో పోవాలి కదా? గేరుకి జారడం తెలీదు. పన్ను ఊడుతుంది.

ఇనప గేరు వాదులకు

"ప్లాస్టిక్ విరిగింది కాబట్టి ఇనుము వెయ్యి" అనేది వినడానికి బానే ఉంటుంది. చిలకలపూడి బంగారం కూడా చూడ్డానికి బానే ఉంటుంది. (బందరు రోల్డ్ గోల్డ్ పనివాళ్ళు మన్నించాలి. వాళ్ళ పనితనం గొప్పది, వాళ్ళు దాన్ని అసలు బంగారమని చెప్పి అమ్మరు. ఇనప గేరు అమ్మేవాళ్ళు మాత్రం అదే పరిష్కారమని చెప్పి అమ్ముతున్నారు.)

ఇనప గేరు వేశాక కత్తి ఇరుక్కుంటే ఏమవుతుంది? ఊపు ఎక్కడికీ పోలేదు. పన్ను విరగలేదు కాబట్టి దాని పక్కనున్నది విరగాలి. అది షాఫ్టు మీది కీ కావచ్చు, స్పిండిల్ బేరింగు కావచ్చు, మోటారుని నడిపే కంట్రోలు బోర్డు కావచ్చు, కత్తే కావచ్చు. వీటిలో ఏదీ ప్లాస్టిక్ గేరు కన్నా చవకది కాదు. పైగా ఇనుముకి ఇనుము రాసుకుంటే వచ్చే మోతకి ఇంట్లోవాళ్ళు ముందు మిషన్నీ, తర్వాత మిమ్మల్నీ బయట పెడతారు.

దివిసీమ రైతుకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. ట్రాక్టరు వెనక రోటావేటరు షాఫ్టుకి ఒక షీర్ బోల్టు ఉంటుంది. పొలంలో మొద్దు తగిలితే ఆ బోల్టు తెగిపోవాలి, గేర్‌బాక్సు మిగలాలి. దాని ఉద్యోగమే తెగడం. తెలివైనవాడెవడూ తెగుతోంది కదాని ఆ బోల్టు స్థానంలో గట్టి ఉక్కు కడ్డీ వెయ్యడు. వేస్తే ఏమవుతుందో ట్రాక్టరు మెకానిక్కుని అడగండి, నవ్వుతాడు.

మనమూ రోజూ ఇదే పని చేస్తాం కదా! ఒక సర్వీసు జవాబివ్వకపోతే కాసేపు చూసి టైమౌట్ అయిపోవాలని రాస్తాం. దానికోసం మొత్తం సిస్టం వేలాడకూడదని సర్క్యూట్ బ్రేకరు పెడతాం. ఇంటర్వ్యూల్లో దీని మీద అరగంట ఉపన్యాసం ఇస్తాం. ఇంటికొచ్చి మిషను ముందు కూర్చోగానే, టైమౌట్ ఎత్తేసి అంతా గట్టిగా బిగించెయ్యడమే ఇంజనీరింగు అయిపోతుందా?

బెల్టు జారుతుంది. అది బెల్టు లోపం అని కొందరి బాధ, నేను గుణం అంటాను. కత్తి ఇరుక్కుంటే బెల్టు ఒక కూత పెట్టి జారుతుంది. మీరు స్విచ్ ఆపుతారు, కత్తి వెనక్కి తీస్తారు, మళ్ళీ మొదలెడతారు. పోయింది ఏమీ లేదు. సీగ్ వాళ్ళకే ఈ జ్ఞానం కలిగింది. తర్వాత తెచ్చిన సూపర్ ఎక్స్2లో గేర్లు ఎత్తేసి, బ్రష్‌లెస్ మోటారు పెట్టి, మధ్యలో బెల్టు వేశారు. తయారుచేసినవాడు వదిలేసిన గేర్లని మనం పట్టుకుని వేలాడుతున్నాం.

కిట్టు భక్తులకు

కాలిఫోర్నియా, పసడేనాలో లిటిల్ మెషిన్ షాప్ అని ఒక సంస్థ ఈ మిషనుకి బెల్టు డ్రైవ్ కిట్టు తయారుచేసి అమ్ముతోంది. వాళ్ళ మీద నాకే కోపమూ లేదు. మంచి పనే చేశారు, అక్కడివాళ్ళ కోసం చేశారు. పసడేనాలో ఉన్నవాడు ఆర్డరిస్తే రెండ్రోజుల్లో గుమ్మంలోకొస్తుంది, బెల్టు తెగితే మళ్ళీ వస్తుంది. అక్కడ గంటకి మనిషి కూలీ కన్నా కిట్టు కొనుక్కోవడమే చవక. వాళ్ళ లెక్క వాళ్ళకి సరిపోయింది.

మన లెక్క వేరు. కిట్టు ధర మీద రవాణా, దాని మీద కస్టమ్స్ సుంకం, దాని మీద ఎదురుచూపు. ఇంతా చేసి డబ్బాలో ఏముంటుంది? రెండు పుల్లీలు, ఒక బెల్టు, మోటారు బిగించే పలక, నాలుగు బోల్టులు. రాకెట్ ఇంజనేం కాదు.

ఇక్కడ నాకో పాత కేసు గుర్తొస్తుంది. చల్లపల్లి షుగర్స్ అని మా ఊరి పేరున్న చక్కెర కంపెనీ ఒకటి ఇన్‌కంటాక్స్ వాళ్ళతో సుప్రీంకోర్టు దాకా పోరాడి 1974లో గెలిచింది. యంత్రాలు కొనడానికి అప్పు చేస్తే, అవి ఉత్పత్తి మొదలెట్టేలోగా ఆ అప్పు మీద కట్టిన వడ్డీ కూడా యంత్రం ఖరీదులో భాగమే అని తీర్పు. సీఏలు ఇప్పటికీ ఆ కేసు పేరు చెబుతుంటారు. తీర్పు పన్నుల గురించే గానీ, అందులోని ఇంగితం అందరికీ పనికొస్తుంది. యంత్రం ఖరీదు దాని మీద అంటించిన ధర కాదు, అది తిరగడం మొదలయ్యేదాకా మనకి అయిందంతా. ఆ లెక్కన మన గుమ్మంలో కిట్టు ఖరీదు ఎంతో వేసి చూసుకోండి.

అంతకన్నా పెద్ద తకరారు బెల్టు తెగిన రోజున వస్తుంది. బెల్టనేది అరిగేది, తెగేది. ఆ కిట్టులో పలక, దూరాలు, గాడులు అన్నీ ఒకే ఒక్క బెల్టు సైజుకి కట్టుబడి ఉంటాయి. ఆ సైజు ఇక్కడి షాపులో లేకపోతే మీ మిషను మళ్ళీ బల్ల మీద బొమ్మే. గేరు కోసం ఎదురుచూడ్డం మానేసి బెల్టు కోసం ఎదురుచూడ్డం మొదలెట్టారన్నమాట. దీన్ని బాగుచెయ్యడం అనరు, సంకెళ్ళ రంగు మార్చడం అంటారు.

బెల్టు మనకి కొత్తా?

ఈ కిట్టుల వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా మండించేది ఇది. బెల్టు డ్రైవ్ అంటే ఏదో అమెరికా గరాజుల్లో పుట్టిన విద్య అన్నట్టు మనవాళ్ళు మాట్లాడతారు. అయ్యా, కృష్ణా డెల్టా వందేళ్ళు తిన్న అన్నం బెల్టు మీద నడిచొచ్చింది.

కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. నీళ్ళొచ్చాయి, వరి వచ్చింది, దాని వెనక మిల్లులొచ్చాయి. పాత రైసుమిల్లు ఎలా ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఒక మూల ఒకే ఒక్క ఇంజను. పైన షెడ్డు పొడుగునా ఒక షాఫ్టు. దాని మీద వరసగా పుల్లీలు. ఒక్కో పుల్లీ నుంచి కిందికి ఒక్కో పట్టా బెల్టు, హల్లరుకొకటి, జల్లెడకొకటి, ఎలివేటరుకొకటి. ఒక యంత్రాన్ని ఆపాలంటే ఇంజను ఆపక్కర్లేదు, పక్కన వట్టినే తిరిగే పుల్లీ మీదికి బెల్టుని కర్రతో నెట్టేవాళ్ళు. తిరుగుడు దిశ మారాలంటే బెల్టుని ఎనిమిది అంకెలా మెలి తిప్పి వేసేవాళ్ళు.

మిల్లు డ్రైవరుకి ఇంజనీరింగు కాలేజీ మొహం తెలీదు. కానీ పట్టా బెల్టు పుల్లీ మీంచి పక్కకి జారిపోకుండా ఉండాలంటే పుల్లీ మధ్యలో రవ్వంత ఉబ్బుగా ఉండాలని తెలుసు. బెల్టు తిరిగేటప్పుడు ఎత్తుగా ఉన్నవైపుకే ఎక్కుతుంది కాబట్టి ఆ ఉబ్బే దాన్ని మధ్యలో నిలబెడుతుంది. బెల్టు జారుతుంటే గుగ్గిలం పొడి ఎప్పుడు చల్లాలో, ఎంతకి మించి చల్లకూడదో తెలుసు. బెల్టు అతుకు ఏ వైపు తిరిగితే ఊడదో తెలుసు.

ఇప్పుడు మిల్లుల్లో యంత్రానికో మోటారు వచ్చింది, పైన షాఫ్టు పోయింది. బెల్టు మాత్రం పోలేదు. పిండిమర తిరిగేది బెల్టు మీదే. గడ్డి కోసే మిషను, నూర్పిడి మిషను, వాటర్ సర్వీసింగ్ పంపు, ఎయిర్ కంప్రెసరు, ఏది చూసినా పక్కన ఒక వీ బెల్టు కనిపిస్తుంది. కుట్టుమిషనుకి కూడా తోలు బెల్టే. పక్క రాష్ట్రంలో మదురైలో ఫెన్నర్ వాళ్ళు దశాబ్దాలుగా బెల్టులు చేసి దేశమంతా పంపుతున్నారు. చల్లపల్లిలో దొరక్కపోతే బందర్లో, అక్కడా లేకపోతే బెజవాడ ఆటోనగర్లో వెతుక్కోవచ్చు. ఇంతమంది మధ్య ఉండి, రెండు పుల్లీలూ ఒక బెల్టూ కోసం పసిఫిక్ దాటడం ఏమి సంబడం?

మరి ఎలా? లెక్క ఇదిగో

విమర్శించి ఊరుకోవడం నాకిష్టం లేదు. పని చేసే పద్ధతి ఇది.

మొదటి సూత్రం: బెల్టు ముందు, పలక తర్వాత. మనవాళ్ళు కంప్యూటరు మీద అందమైన డిజైను చేసుకుని, చివర్లో 517 మిల్లీమీటర్ల బెల్టు కావాలని బయల్దేరతారు. ఎవడిస్తాడు? ముందు మిల్ స్టోర్సుకో, బేరింగుల షాపుకో వెళ్ళండి. ఏ సైజులు ఎప్పుడూ ఉంటాయో అడగండి. వాటిలో ఒకటి రెండు కొనండి, కొన్న బెల్టుని బట్టి డిజైను చెయ్యండి. మార్చలేనిదాన్ని ముందు ఖాయం చేసుకుని, మార్చగలిగేదాన్ని దాని చుట్టూ కట్టుకోవడం మనకి కొత్తగా చెప్పాలా?

వీ బెల్టుల్లో ఏ రకం వెడల్పు 13 మి.మీ., బీ రకం 17 మి.మీ. ఇవి పంపులకీ, పిండిమరలకీ. మన 350 వాట్ల బుల్లి మోటారుకి జెడ్ రకం చాలు, వెడల్పు 10 మి.మీ., మందం 6 మి.మీ. ఇందులో చిన్నపుల్లీ వ్యాసం 50 మి.మీ.కి తగ్గకుండా చూసుకోవాలి. మరీ చిన్న పుల్లీ చుట్టూ వంచితే బెల్టు వేడెక్కి తొందరగా పోతుంది.

ఉదాహరణకి 20 అంగుళాల జెడ్ బెల్టు దొరికిందనుకోండి. అది లోపలి చుట్టుకొలత, అంటే 508 మి.మీ. లెక్కకి వాడాల్సిన పొడవు దానికి 22 కలిపితే వస్తుంది, 530. మోటారుకి 50 మి.మీ. పుల్లీ, స్పిండిల్‌కి 100 మి.మీ. పుల్లీ. బెల్టు పొడవు సూత్రం తేలికే: రెండు కేంద్రాల మధ్య దూరానికి రెట్టింపు, దానికి రెండు వ్యాసాల మొత్తాన్ని 1.57తో హెచ్చవేసి కలపాలి, వ్యాసాల తేడాని వర్గం చేసి దూరానికి నాలుగు రెట్లతో భాగించి అదీ కలపాలి. వెనక్కి లెక్కేస్తే కేంద్రాల మధ్య దూరం 145 మి.మీ. వస్తుంది. అదీ మీ పలక కొలత.

ఇక వేగాలు. మోటారు 5000 చుట్లు తిరుగుతుందనుకుందాం (మీ మోటారు మీది రేకు చూసుకోండి). 50కి 100 వేస్తే స్పిండిల్ 2500. అదే పుల్లీల మీద రెండో మెట్టు 75కి 75 తీయిస్తే 5000. రెండు మెట్లలోనూ వ్యాసాల మొత్తం 150 కాబట్టి అదే బెల్టు రెండింటికీ వస్తుంది. దాదాపుగా, అంతే. 75కి 75లో దూరం 147 కావాలి. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం, బెల్టు బిగువు కోసం మోటారు బోల్టులకి గుండ్రటి బెజ్జాలు కాకుండా పొడుగాటి గాడులు పెట్టించాలి. 5000 వేగానికి ముందు మీ స్పిండిల్ బేరింగు అంత వేగం తట్టుకుంటుందో లేదో కంపెనీ పట్టికలో చూడండి.

గాడి కోణం దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. బెల్టు పక్కల కోణం 40 డిగ్రీలు కదాని గాడీ 40 పెట్టకూడదు. బెల్టు వంగినప్పుడు లోపలివైపు ఉబ్బుతుంది, కోణం తగ్గుతుంది. అందుకే జెడ్ రకానికి 80 మి.మీ. దాకా వ్యాసమున్న పుల్లీకి 34 డిగ్రీలు, అంతకన్నా పెద్దదానికి 38. బెల్టు అడుగు గాడి అడుక్కి తగలకూడదు, పక్క గోడలే దాన్ని పట్టాలి. అడుక్కి తగిలితే వీ బెల్టు కాస్తా ఉత్త పట్టా బెల్టు అయిపోయి జారుతూనే ఉంటుంది.

చివరిగా, రేకుతో ఒక మూత. బెల్టుకీ పుల్లీకీ మధ్య పడిన వేలు వెనక్కి రాదు. పాత మిల్లుల్లో బెల్టు లాక్కున్న పంచెల కథలు మా వైపు ఊరికొకటి ఉంటుంది. మూత లేకుండా స్విచ్ వెయ్యనని ఒట్టేసుకోండి.

"కానీ..." అనేవాళ్ళకి

"బెల్టుకి తక్కువ వేగంలో బలం ఉండదు." నిజమే, దాచను. 50 మి.మీ. వ్యాసమున్న కత్తితో మెత్తటి ఉక్కు కొయ్యాలంటే, కోత వేగం నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, స్పిండిల్ సుమారు 160 చుట్లే తిరగాలి. మన బెల్టు అమరికలో దానికోసం మోటారుని 320కి దించాలి, అక్కడ ఆ మోటారు నీరసపడుతుంది. గేరు మిషను ఇందులో నయం. అయితే రెండో వైపూ చూడండి. ఇత్తడి మీద 3 మి.మీ. కత్తితో సన్నపని చెయ్యాలంటే, కోత వేగం 60 మీటర్లు అనుకుంటే, 6300 పైచిలుకు చుట్లు కావాలి. గేరు మిషను 2500 దగ్గర ఆగిపోతుంది. మన బెల్టు 5000 దాకా వెళ్తుంది. అర హార్స్‌పవరు కూడా లేని మిషను మీద మనం చేసే పనిలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. రోజూ ఉక్కు దిమ్మలు చెక్కేవాడికి కావాల్సింది ఇనప గేరు కాదు, పెద్ద మిషను.

"ఊళ్ళో లేతు పని మోటుగా ఉంటుంది, వేగంలో పుల్లీ ఊగుతుంది." ఈ మాట అనేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను. మీరు మేస్త్రికి ఏమిచ్చారు? చిత్తుకాయితం మీద గీసిన రెండు వృత్తాలా, ఫోన్లో ఒక ఫొటోనా? బెజ్జం ఎంత బిగువుగా ఉండాలో చెప్పారా? బెజ్జమూ గాడీ ఒకే బిగింపులో తీయమని చెప్పారా? గాడి ఎంత ఊగొచ్చో అంకె రాసిచ్చారా? అవేమీ లేకుండా పంపుసెట్టు పుల్లీ లాంటిది వచ్చిందంటే, మీరడిగిందే వచ్చింది. క్లయింటు సరిగ్గా రిక్వైర్‌మెంట్లు ఇవ్వలేదని ఏడాదంతా ఏడ్చే మనం, మనమే క్లయింటు అయిన రోజున చేసే నిర్వాకం ఇది. ఊగు 0.05 మి.మీ. మించకూడదని రాసివ్వండి, డయల్ గేజి పట్టుకెళ్ళి ఆయన ముందే తిప్పి చూడండి, ఆ సమయానికీ శ్రద్ధకీ తగిన డబ్బివ్వండి. పంపుసెట్టు రేటిచ్చి గడియారం పనితనం అడగొద్దు.

"ఇదంతా ఎందుకు, డ్రాయింగు ఆన్‌లైన్లో పంపితే చేసి పంపేవాళ్ళున్నారు కదా?" ఉన్నారు. బెంగుళూరులో ఉన్నారు, చైనాలోనూ ఉన్నారు. బాగానే చేస్తారు. నా గొడవ అసలు ఇక్కడే ఉంది.

పుల్లీ ఒక సాకు మాత్రమే

మనలో ఎంతమంది మెకానికల్ ఇంజనీర్లో లెక్కెట్టండి. డిగ్రీ మెకానికల్లో, జీతం జావాలో. గేరు పన్ను మీద భారం ఎలా లెక్కకట్టాలో, బెల్టు బిగువు ఎంతుండాలో, నాలుగేళ్ళు చదివి పరీక్షలు రాసి వదిలేశాం. అటువైపు ఐటీఐలో టర్నరు, ఫిట్టరు నేర్చుకున్న కుర్రాడికి చెయ్యి ఉంది, లెక్క రాసిచ్చేవాడు లేడు. ఈ రెండు సగాలూ ఒకే మండలంలో పుట్టి, ఒకే బస్సెక్కి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోతున్నాయి.

వరికోత యంత్రాలొచ్చాక నూర్పిడి మిషన్ల మరమ్మత్తు తగ్గింది. కొత్త మిల్లులకి విడిభాగాలు కంపెనీ డబ్బాల్లోంచి వస్తున్నాయి. లేతు మీద కూర్చునేవాడికి మిగిలింది అరిగిన షాఫ్టుకి బుష్ తీయడం, ట్రాక్టరు పిన్నులు తీయడం. ఆ పని చూసి ఏ కొడుకు తండ్రి వెనక నిలబడతాడు? వాడూ హైదరాబాదు బస్సెక్కుతాడు. ఆ లేతు తుక్కులోకి వెళ్ళిన రోజున మనకేం కాదు, మనకి కొరియరుంది. వరి ఎండే వేళ పంపు షాఫ్టు విరిగిన రైతుకి కొరియరు లేదు. ఇవ్వాళ సాయంత్రానికి కావాల్సిన షాఫ్టుకి బందరు దాకా, బెజవాడ దాకా పరిగెత్తాలి.

ఒక్క పుల్లీతో ఆ లేతు నిలబడుతుందని నేననను. డబ్బుండి, డ్రాయింగు గీయడం వచ్చి, ఖచ్చితమైన పనికి తగిన ధర ఇవ్వగలిగిన గిరాకీ ఈ ఊళ్ళకి ఇంకెవరున్నారు? మనమే. అలాంటి గిరాకీ మనమే డబ్బు పసడేనాకి పంపి, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని "మన దగ్గర క్వాలిటీ లేదండీ" అంటాం. క్వాలిటీ అడిగినవాడుంటే వస్తుంది. అడగనిచోట ఎక్కడా రాదు, జర్మనీలోనూ రాదు.

బందరు రోల్డ్ గోల్డ్ పనినే చూడండి. ఇత్తడి, రాగి రేకుల మీద చిన్న చిన్న అచ్చుల పని. అలాంటి సన్నపని సాధనాలు ముట్టుకున్న చేతులు ఈ పాతిక ముప్ఫై కిలోమీటర్లలోనే ఉన్నాయి. ఆ చేతుల దగ్గరికి మన లెక్కలు వెళ్ళకపోవడమే కొరత.

కాబట్టి, పన్ను ఊడిన గేరు మీ చేతిలో ఉంటే ఇలా చెయ్యండి. ముందు బెల్టు కొనండి. 145 మిల్లీమీటర్లో, మీ బెల్టుకి ఎంతొస్తే అంతో లెక్కేసి, కొలతలన్నీ వేసి శుభ్రంగా డ్రాయింగు గీయండి, తెలుగులో రాయండి. లేతు దగ్గర కూర్చుని మేస్త్రి చెప్పింది వినండి, ఆయన మార్చమన్నది సబబైతే మార్చండి. పుల్లీలు తీయించుకున్నాక డ్రాయింగు కాపీ ఒకటి, బెల్టు నంబరు రాసి, ఆ షాపు గోడకే అంటించి రండి. మనం కోడు ఊరికే పంచుకుంటాం కదా, ఇదీ అంతే. రేపు ఇంకెవడో పళ్ళూడిన గేరు పట్టుకుని ఆ గుమ్మంలోకొస్తే, మేస్త్రి గోడవైపు చెయ్యి చూపించి "ఎన్ని సెట్లు కావాలండీ?" అని అడగాలి.